బుధవారం గొంతు

బుధవారం సాయంత్రం ఆరుముక్కాలైతే
సంతపేటలో నా సెలూన్లో
ఎవురికీ తల మీద ధ్యాస ఉండదు.
క్రాపు అయిపోయినోడు కూడా ఇంటికి పోడు,
మెడ దురద పెడతా ఉన్నా బెంచీ మీదే కూర్చుంటాడు.
తిరుపతి స్టేషను నుంచి కుముదమ్మ
ఎవురో ఒక పుస్తకమాయన్ను పట్టుకొచ్చి
అరగంట మాట్లాడిస్తాది.

నేను ఒక్క పుస్తకమూ చదవలా.
రాసినోళ్ళ గొంతులు మాత్రం తలకాయల మాదిరి గుర్తు,
ఏది ఎటు సుడి తిరిగిందో.
చీమల గురించి రాసినామె
మాట మాటకీ ముందు ఒక గుక్క గాలి మింగతాది.
పాముకాటు డాక్టరు నవ్వితే
పైపన్ను లేని సందులోంచి ఈల వస్తాది.
నాటకాల మీద వెయ్యి పేజీలు రాసిన పెద్దాయన
అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పినాడు.
"ఈయన్ను మా భూతగాదాకి
సాక్షిగా పిలవాలబ్బా" అన్నాడు ఎత్తిరాజులు.

మొన్నటి బుధవారం ఏటి మీద పుస్తకం.
దొరస్వామి నాయుడంట, నీళ్ళ శాస్త్రం చదివినాయన.
"నీవా నదీ పరీవాహక ప్రాంతం" అంటా ఉంటే
ఎవురి ఊరి సంగతో అనుకున్నాం కాసేపు.
తర్వాత తెలిసింది,
మన బ్రిడ్జి కింద కంపచెట్లు మొలిచిన ఇసకే అది.
వానలెంత, బోర్లెన్ని, లోతెంత,
అన్నీ అడిగింది కుముదమ్మ.
గోతం చినిగి శెనక్కాయలు రాలినట్టు
గలగలా రాలినాయి అంకెలు.
నేను అడగాలనుకున్నది మాత్రం అడగలా.
రేడియోకి నోరే గాని చెవి యాడిది?
ధన్యవాదాలు చెప్పేసి వార్తలు పెట్టేసినారు.

శుక్రవారం మిట్టమధ్యాన్నం
గొడుగు మడుస్తా ఒకాయన లోపలికొచ్చినాడు.
"గెడ్డం" అన్నాడు.
ఒక్క మాటే. చాలు.
నురగ కలిపే చెయ్యి నిలిచిపోయింది నాకు.

అద్దంలో చూస్తే మామూలు మనిషి,
చెవుల మీద తెల్లబొచ్చు,
చొక్కా జేబులో నలిగిన బస్సు టిక్కెట్టు.
గదమ పట్టి తల వెనక్కి వంచినా.
అరగంట సేపు పరీవాహకం పలికిన ఆ ముడి
కత్తి కింద ఎగిరి దిగతా ఉంది,
గోడ మీది తొండ గొంతు మాదిరి.

అప్పుడడిగినా.
కత్తి గొంతు మీద ఉన్నప్పుడు
ఎవురూ మాటకు అడ్డం రారు,
మా పనిలో అదొక సుఖం.

"సామీ, నా చిన్నప్పుడు మా నాయన
పెద్దకర్మాలకి ఆ ఏటి ఒడ్డునే గుండ్లు గీసేవాడు.
ఎంటికలు నీళ్ళెంబడి పొయ్యేవి,
కనపడినంత దూరం చూస్తా నిలబడేవోళ్ళు కొడుకులు.
ఇప్పుడు బిందెతో తెచ్చిన నీళ్ళు తల మీద పోసి
ఇసకలో గీస్తా ఉండా.
ఎంటికలు యాడికీ పోవు.
గాలికి లేచి మళ్ళీ నా కాళ్ళకే చుట్టుకుంటాయి.
పారే నీళ్ళు లేనిచోట
చచ్చిపోయినోళ్ళు యాడికి పోతారో
నీ పుస్తకంలో ఉందా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు.
రెండో చెంప అయ్యిందాకా తెరవలా.
పటిక రాస్తే సుర్రుమన్నట్టుంది,
లేచి గదమ తడుముకున్నాడు.

"బిందె మోసింది నేనేబ్బా,
మాయమ్మకి.
మా యేట్లో."

రేడియోలో వినిన గొంతు కాదది.
దానికి అంకెలు తెలవవు.
నది అనలా.
ఏరు అన్నాడు.

వంద రూపాయలిచ్చి చిల్లర కోసం చూడకుండా పోయినాడు.
వీధి చివరిదాకా పరిగెత్తినా,
బస్టాండు ఆటోలో కలిసిపోయినాడు.

ఈ బుధవారం ఎవురో ఆమె
మామిడి పూతకి పట్టే తేనెమంచు గురించి చెప్తా ఉంది.
గొంతు మంచిదే, కొసన కొంచెం వణుకు.
సౌండు పెంచమన్నాడు ఎత్తిరాజులు.
పెంచినా.
మేకుకి ఆయన మరిచిపోయిన గొడుగు.
వానకని తెచ్చింది కాదు, ఎండకని తెచ్చింది.
వారమైనా కింద
ఒక్క చుక్క మరక లేదు.