మూడు సర్వీసుల కాగితం

రెండు వేల నాలుగు వందలు, పైన పన్ను.
సాలుకు మూడుసార్లు వచ్చి కడిగిపోతరట.
గ్యాసు దీంట్ల రాదు, పార్టులు దీంట్ల రావు,
మోటరు కాలితే అది వేరే ముచ్చట.
మరి ఇందుల వచ్చేదేంది పిల్లగా, అని అడిగితే
"మనసుకు నిమ్మళం, మావ్‌శీ" అన్నడు గజానన్ తాజ్నే,
సగం మరాఠీల, సగం మన మాటల.
నిమ్మళం మీద గూడ పద్దెనిమిది శాతమా?

రాజక్క చెప్పింది: ఉత్త దండుగ,
జాలీ ఊడదీసి నల్లా కింద పెడితే అయిపాయె.
నిరుడు అట్లనే చేసిన.
స్టూలెక్కి, పాత పండ్ల బ్రష్షుతోని గీకి,
దండెం మీద చీరెల నడుమ ఆరేసిన.
మిగిలిన పైసలతోని చంద్రపూర్ గోల్‌బజార్ల
రెండు వాయిల్ చీరెలు కొన్న.

మే నెల ఇక్కడ ఎట్లుంటదో
బల్లార్షాల మిట్టమధ్యాహ్నం రైలు దిగినోళ్ళకే ఎరుక.
పొద్దున తొమ్మిదికే గడప
చెప్పుల్లేకుండ దాటనియ్యదు.
కాకులు నోరు తెరుచుకొని నల్లా కింద కూసుంటయి.
సరిగ్గ ఆ దినాలల్లనే మిషను
మంచం మీద చుక్క చుక్క నీళ్ళు కార్చింది.
చల్లదనం రాలే, చప్పుడొచ్చింది,
మా ఓదెలు రాత్రిళ్ళు తీసే ఊపిరి లెక్క.
ఒకరు ఆగితే ఒకరు అందుకున్నరు.
మూడు రాత్రులు గోడకానుకొని కూసున్న,
తడి టవల్ ఎవరికి కప్పాల్నో తెల్వక.

పిలిచిన నాలుగో నాడు వచ్చిండు తాజ్నే.
కాగితం లేనోళ్ళ వంతు ఆఖర్న.
ప్లాస్టిక్ సంచి కట్టి, పైపు పెట్టి నీళ్ళు కొట్టిండు.
బకెట్ల పడ్డది చూసి నేను నవ్విన,
పిల్లగాడు బెదిరిండు.

ఆ నీళ్ళు నాకు కొత్తగాదు.
ముప్పై ఒక్క ఏండ్లు, వారానికి ఆరు దినాలు
గని బట్టలల్ల పిండినవి అవే.
మొదటి నీళ్ళు నలుపు, రెండోవి బూడిద,
మూడోవాట్ల నీ చెయ్యి నీకు కనవడుతది.
సోడా ఎంత, నానవెట్టుడు ఎంతసేపు,
కాలరు కాడ ఎన్ని దెబ్బలు,
నన్నడుగు.
గప్పుడు నాకెవ్వరూ కాగితం రాసియ్యలే.
నిమ్మళమంటవా, సైరన్ మోగినంక
గల్లీల సైకిల్ గంట వినవడితే
అదే.

బొగ్గు తవ్వితే కరెంటు,
కరెంటు మీద చల్లగాలి,
చల్లగాలి జాలీల మళ్ళ బొగ్గే.
ఇది తాజ్నేకు చెప్పిన.
"వైరు ఎలుకలు గూడ కొరికినయి, మావ్‌శీ" అన్నడు.

గ్యాసు, వైరు, మజూరీ.
రెండు చీరెలూ, వాటి మీద ఇంకో నాలుగూ
గోడెక్కి కూసున్నయి.
రాజక్కకు చెప్పలే.

ఈ ఏడు మళ్ళ అదే కాగితం.
మీద పేరు: ఓదెలు గుండేటివార్.
మా గుండేటికి ఈ వార్ ఎన్నడు తగిలిందో
మా అత్తకు గూడ తెల్వదు.
కలం పెట్టకముందు బేరం పెట్టిన.
మూడొద్దు, రెండు.
హోలీ ముందట ఒకటి, వానలు పోయినంక ఒకటి.
నడిమిట్లది నా వంతు,
నా స్టూలున్నది, నా బ్రష్షున్నది.
కంపెనీ ఒప్పుకోదన్నడు.
బయటికి పోయి ఫోన్ చేసిండు.
ఒప్పుకున్నది.

మొదటిది నిన్న అయింది.
అంత బిగించి, స్విచ్చేసి,
"పది నిమిషాలు కూసోని చూడాలె,
చల్లదనం నిలుస్తదా లేదా" అని
స్టూలు లాక్కొని మిషను కిందనే కూసున్నడు.
పొద్దటిసంది ఆయనకిది ఆరో ఇల్లు,
మూడు డాబాలెక్కి దిగిండట.
ఇంట్ల నీకు మిషనున్నదా అని అడగవోయి
ఊకున్న.
రెండు నిమిషాలకే మెడ ఒరిగింది,
స్క్రూడ్రైవరు చేతులనే ఉన్నది.
ఓదెలు పెదవి మీద వేలు పెట్టి
నాకు సైగ చేసిండు,
తన దగ్గును మెత్తల దాచుకున్నడు.

పది నిమిషాలు ఇరవై అయినయి.
నేను తలుపు దగ్గరికేసి
ఛాయ్ మీద పళ్ళెం మూసిన.
చల్లదనం నిలిచింది.