నూటపదమూడో గడి

దొరవేలు ఆదివారం పొద్దున్నే వచ్చినాడు,
చంకలో ఫైలు, చేతిలో మూత లేని పెన్ను.
'రైటరు సారూ, ఈడ. నూటపదమూడో నంబరు మీది.'

గవర్నరు గారి దివ్యసముఖమునకు
అని మొదలైంది అర్జీ.
చిత్తూరు స్టేషన్లలో ముప్పై ఏండ్లు రాసినోణ్ణి,
వాక్యం నడక చూస్తే చాలు
యాడ కుంటుతుందో తెలిసిపోతుంది.

యతిరాజులు ఎస్సై. ఇరవై రెండేండ్ల సర్వీసు. నిజం.
నీవా పొంగిన రేత్రి
నడుములోతు నీళ్ళలో ఎవురో ముసలామెను
వీపున మోసుకొచ్చినాడు. నిజం.
టార్చి పట్టింది నేనే.
ఇద్దరు ఆడబిడ్డలు. చిన్నది కడప జైలు గేటు కాడ
గుడి అనుకుని చెప్పులిడిచి లోపలికి పోతుందంట.
అది అర్జీలో లేదు, దొరవేలు చెప్పినాడు.
నాలుగేండ్లుగా సత్ప్రవర్తన. అయ్యుంటుంది.
'విధి నిర్వహణలో దొర్లిన పొరపాటు...'

ఈడ కుంటింది.

పొరపాటంటే
తేదీ తప్పు పడడం,
సమన్ల మీద తండ్రి పేరు మారడం.
చెంగల్రాయుడు గుజ్జు ఫ్యాక్టరీ లారీకి క్లీనరు.
పంతొమ్మిదేండ్లు. చేతుల నిండా మామిడి సొన మరకలు.
పోయిందన్న బ్యాటరీ మర్నాడు దొరికింది
ఇంకో లారీ కింద.
ఆ రేత్రి జనరల్ డైరీలో
'కడుపునొప్పి అని చెప్పగా' అని
గుండ్రంగా రాసింది ఈ చెయ్యే.
కోర్టులో వకీలు కూడా
దస్తూరీ బాగుందన్నాడు.

'అంతా బాగుంది దొరవేలూ,
చచ్చిపోయినోడి పేరేదిరా?'
'పేరు పెడితే క్షమాభిక్ష ఎవురిస్తారు సార్.'

కాగితం మడిచి జేబులో పెట్టుకుని
తవణంపల్లె బస్సెక్కినాను.

కన్నెమ్మ షెడ్డులో తోతాపురి కాయలు ఏరుతా ఉంది.
గట్టివి ఈ పక్క, మెత్తబడినవి ఆ పక్క.
అర్జీ మొత్తం చదివి వినిపించినాను,
స్టేషన్లో ఫిర్యాదు చదివి వినిపించే గొంతుతోనే.
ఆమె చెయ్యి ఆగలేదు.

'ఇడిసిపెట్టమను నాయినా.
వాడు లోపలుంటే నా బిడ్డ బయటికొస్తాడా?
ఇడిసిపెట్టొద్దన్నా సరే.
నన్నెవురూ అడగలేదు, నువ్వొచ్చినావు, అంతే.'

ఒక కాయ నొక్కి చూసింది.
ఏ పక్క వెయ్యాలో తేల్చుకోలేక ఒళ్ళో పెట్టుకుంది.

'ఒకటి చెప్పు. ఆ రేత్రి నువ్వు ఆడనే ఉంటివి గదా.
నీళ్ళడిగినాడా?'

రోడ్డు మింద ఆఖరి బస్సు హారను కొట్టి కొట్టి
వెళ్ళిపోయింది.

అడిగినాడమ్మా. రెండుసార్లు.
కుండ నా బల్ల పక్కనే ఉండింది.