ఎడమ చెంప

నవంబరు చివర్లో సూర్యుడు
ట్రోమ్సో ఊరికి తాళం వేసుకుని వెళ్ళిపోతాడు.
అప్పుడు మొదలవుతుంది మా సీజను.
లేజర్ యంత్రం మీద గుడ్డ తీస్తాం,
అపాయింట్‌మెంట్ల పుస్తకంలో గళ్ళు మిగలవు.
ఎండ లేని రెండు నెలలు
కాలిన చర్మానికి పురిటిగది:
చీకటి, వెచ్చదనం, ఎవరూ ముట్టుకోకపోవడం.

గున్‌వోర్ మాత్రం జనవరి పన్నెండున వచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్ళు ఫెర్రీ నడిపిన మనిషి.
బూట్ల మంచు తలుపు దగ్గరే దులిపి
అద్దం వైపు చూడకుండా కూర్చుంది.

దీపం కింద ఒక మొహంలో రెండు మొహాలు.
కుడి చెంప నలభైల్లోనే ఆగిపోయింది.
ఎడమది, కిటికీ వైపుది,
వేసవి అర్ధరాత్రుల ఎండంతా తాగి
గోధుమ మచ్చలతో, గాట్లతో
ఎండు చేప తోలులా ఉంది.
ఈ మాట నేననలేదు. ఆమే అంది, నవ్వుతూ.

"ఇరవై ఒకటిన మాకు అరవై నిండుతాయి.
మాకు అంటే నాకూ రాగ్నకూ. కవలలం.
అది జీవితమంతా గ్రంథాలయం నేలమాళిగలో పనిచేసింది,
దానికి రెండూ కుడి చెంపలే.
ఫోటో తీస్తారు.
ఏది బాగా పనిచేస్తే అది చెయ్యి."

తొమ్మిది రోజులు.
వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను.
లేజర్ అయితే మచ్చలు ముందు
కాఫీ పొడిలా నల్లబడి, ఆనక రాలతాయి,
కింద ఎరుపు ఉండిపోతుంది.
పీల్ అయితే మూడో రోజుకి కుబుసం విడుస్తున్నట్టుంటావు,
ఫోటోలో కేకు కన్నా ముందు అదే పడుతుంది.
ఫిల్లర్ గుంట పూడుస్తుంది, రంగు జోలికి పోదు,
కమిలితే నీలం నీ అదృష్టం.
అసలు ముందు చెవి వెనక
చుక్కంత పరీక్ష చేసి ఆగి చూడాలి.

"ఆగితే?"
ఆగితే సూర్యుడు వచ్చేస్తాడు.
కొత్త చర్మం పచ్చి గోడ.
ఎండ తగిలితే పోయిన మచ్చ
చుట్టాల్ని వెంటేసుకుని తిరిగొస్తుంది.
ఆలస్యం అమృతం విషం అంటారు గాని
నా బల్ల మీది సీసాల్లో
విషమయ్యేది తొందరే.
నవంబరులో రా, అన్నాను.

గోడ మీది క్యాలెండరును
ఆటుపోట్ల పట్టికను చూసినట్టు చూసింది.
"పోటు కోసం ఆగడం నాకు కొత్త కాదులే."
రెండో మంగళవారం రాయించుకుంది.
ఎండ క్రీమ్ ఒక్కటే కొంది, అదీ గొణుక్కుంటూ:
"కుడి చెంపకి దండగ కదా,
సగం ధరకి ఇవ్వు."
సాయంత్రం లెక్కలు చూసి
మా యజమాని సిగ్రున్ మూతి ముడిచింది.

ఇరవై ఒకటిన మధ్యాహ్నం
క్లినిక్ మూసి అందరం వీధిలోకొచ్చాం,
చేతుల్లో జామ్ బన్నులు.
కొండ భుజం మీద నారింజ గీత,
టీ చల్లారేంత సేపు.

అటుపక్క కాలిబాట మీద
ఒకే ఎత్తు మనుషులిద్దరు, ఒకే ఎర్ర ఊలు టోపీలు.
ఒకామె కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
రెండో ఆమె, ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు,
ఎడమ చెంప అటు తిప్పి నిలబడింది.

క్రీమ్ రాసుకుందో లేదో
అంత దూరం నుంచి తెలియలేదు.