సొట్టగిన్నె

నాకు తెలిసిన చలి
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ తలుపు.
పదకొండేళ్ళుగా దాని పక్కగదిలో కూర్చుని
మిరప టిక్కీల లెక్క రాస్తున్నాను.
తలుపు తెరిచినప్పుడల్లా
పాదాల మీదుగా పాకిపోయే తెల్లటి ఊపిరి,
అంతే మా గుంటూరు శీతాకాలం.

"లంబసింగిలో తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుద్దంట"
అంది నాగూర్‌బీ, బజ్జీ ఊదుకుంటూ.
"పోదాం పద. కారు మా తమ్ముడిది, డీజిలు నీది."
నేను గింజ వైపు చూశాను.
గింజ బజ్జీ వైపు చూసింది.

ముందు దానికో చలికోటు కావాలి.
గోనెసంచి దళసరి, ఊరికే దొరుకుతుంది;
లోపల పాత దుప్పటి ముక్క అతుకేశాను.
మూడుసార్లు ఉతికాను, నాలుగోసారి కుంకుడురసంలో నానేశాను.
ఐనా తొడగ్గానే పదిహేడు తుమ్ములు!
గోనెకు కూడా పుట్టిన ఊరు అంత తేలిగ్గా వదలదు.
చివరికి పట్నంబజారులో
నూట ఎనభైకి చంటిపిల్లల స్వెట్టరొకటి బేరమాడాను.
"పాపకి ఎన్నో నెలమ్మా?" అన్నాడు కొట్టాయన.
"ఇంకా నాలుగు కాళ్ళ మీదే" అన్నాను.
అబద్ధమేమీ కాదుగా.

ఆదివారం మేనేజరు భోజనానికి వెళ్ళినప్పుడు
స్వెట్టరు తొడిగి దాన్ని లోపలికి తీసుకెళ్ళాను, పరీక్షకి.
టిక్కీల గోడల మధ్య రెండే నిమిషాలు.
నా పళ్ళు టకటకలాడాయి.
గింజ మాత్రం చల్లటి నేలని ఒకసారి నాకి
ఇన్నాళ్ళూ ఇది నా దగ్గర దాచావా
అన్నట్టు చూసింది.

బుధవారం రాత్రి అటక మీంచి బ్యాగు దించాను.
శాలువాలు, మంకీక్యాపు, మోకాళ్ళ నూనె,
పండుమిరప పచ్చడి సీసా.
జిప్పు లాగి చూద్దును కదా, గింజ లేదు.
మంచం కింద లేదు. బీరువా సందులో లేదు.
మెట్ల పైన, అద్దెకిచ్చే వాటా ముందు,
తాళం వైపు మొహం పెట్టి పడుకుంది.

అప్పుడు తట్టింది నాకు.
రెండేళ్ళ కిందట ఆ తలుపులోంచి ఇలాగే పెట్టెలు దిగాయి.
పరుపులెక్కాయి, ఫ్రిజ్జెక్కింది,
పూలకుండీలు కూడా లారీ ఎక్కాయి.
ఇది వీధి చివరిదాకా పరిగెత్తి
నాలుక వేలాడేసుకుని తిరిగొచ్చింది.
తొమ్మిది రోజులు ఆ గడప దిగలేదు.
వాళ్ళు పెట్టిన పేరు నాకు గుర్తే. పలకను.
మిరపగింజ రంగులో ఉందని నేనీ పేరు పెట్టాను.
పెట్టె సర్దడమంటే దానికి ఒకటే అర్థం.

బతిమాలలేదు.
కిందికొచ్చి, సర్దినవన్నీ బయటికి తీసి,
ఖాళీ బ్యాగులో అన్నిటికంటే ముందు
దాని సొట్టగిన్నె పెట్టాను, చప్పుడయ్యేటట్టు.
ఆ టంగుమనడం ఎంత నిద్రలోనైనా దానికి తెలుస్తుంది.

కాసేపు ఏమీ లేదు.
తర్వాత మెట్ల మీద గోళ్ళు, ఒక్కో మెట్టూ ఆగి ఆగి.

తాడు చూపించాను, లోపల పెట్టాను.
టీకాల పుస్తకం, పిడుదుల పౌడరు, నూకల మూట,
అది కొరికి పాడుచేసిన నా ఎడమ చెప్పు.
ఒక్కోటీ వాసన చూసి పద్దు సరిచూసుకుంది.
యార్డులో ఏ గుమాస్తా కూడా అంత శ్రద్ధగా చూడడు.
అంతా అయ్యాక తనే బ్యాగులోకి దిగి
గిన్నె మీద గడ్డం ఆనించి కళ్ళు మూసింది.

నాలుగింటికి నాగూర్‌బీ హారన్ కొట్టేసరికి
నేను రెండు శాలువాలూ, స్వెట్టరూ, మంకీక్యాపూ
అన్నీ ఒంటిమీదే వేసుకుని
గేటు దగ్గర చెమటలు కక్కుతూ నిలబడ్డాను.
పచ్చడి సీసా చంకలో ఉంది.
"బ్యాగేది?" అంది.
"అది గింజది" అన్నాను.

కారెక్కేముందు అది పై వాటా వైపు చూడలేదు.
చూసిందేమో.
చీకట్లో నాకు కనపడలేదు.