ఎవరి పక్కన ఎవరు

బదిలీ అయిన ఎమ్మార్వో మేడం
మూడడుగుల గాజుతొట్టి ఇచ్చిపోయింది మా హాస్టలుకు.
వాళ్ల క్వార్టర్స్‌లో ఎండిపోతే
ఉల్లిగడ్డలు పోసుకున్నారంట దాంట్లో.
మూడుసార్లు కడిగినా ఒక పొట్టు మూల వదల్లేదు.

అనంతపురంలో టవర్‌క్లాక్ దాటినాక సందులో
షేక్షావలి చేపల అంగడి.
ఎనిమిదో తరగతి వన్నూరమ్మను వెంట పిలుచుకుపోయినాను,
సంచి మోసేదానికని చెప్పి.
ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడదు.

అదీ, ఇదీ, ఆ నీలం గీతదీ అని నేను వేలు చూపిస్తాంటే
షేక్షావలి వలగరిటె కింద పెట్టి
ముందు నీళ్ల సంగతి అడిగినాడు.
బోరు నీళ్లే. బకెట్ల అడుగున సున్నం పేరుకుంటుంది,
గోకితే గోరు అరుగుతుంది.
"అయితే నియాన్లు మర్చిపోండి మేడం,
అవి మెత్తటి నీళ్లవి.
గప్పీలకు, మోలీలకు ఈ సున్నమే వంటబడతాది."

తర్వాత సంబంధాలు మాట్లాడినట్టు మాట్లాడినాడు.
ఏంజెల్ అందగత్తే,
దాని నోట్లో పట్టేదల్లా మేతే.
గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్లది, మన మే నెలలో ఉడికిపోతాది.
మగ గప్పీ ఒకటికి ఆడవి మూడన్నా ఉండాల,
లేకుంటే ఒక్కదాన్నే తరిమి తరిమి చంపుతాడు.
టైగర్ బార్బు, ఆ చారల చొక్కా,
పొడుగు తోక కనబడితే కొరక్కుండా ఉండలేదు.
"రెండు తెస్తే తొట్టంతా రచ్చ.
ఎనిమిది తెస్తే వాటిలో అవే కొట్లాడుకుంటాయి.
అయినా మీకొద్దులే, గప్పీలున్న చోట."
అడుగున మీసాలతో వెతుక్కునే కోరీలు మాత్రం ఆరు.
ఒకటే తెస్తే మూలకు పోయి మేత ముట్టదంట.

"ఒకటే ఉంటే తినదా?"
వన్నూరమ్మ.
ఆ వారంలో నేను విన్న ఆమె మొదటి మాట.
"తినదమ్మా. రోగమేం కాదు."

ఆ పొద్దు చేపలు ఇవ్వనేలేదు.
ఫిల్టరూ, తన తొట్టిలోని గుప్పెడు పాచిరాళ్లూ ఇచ్చి
నెలరోజులు ఉత్త నీళ్లు తిప్పమన్నాడు.
"కంటికి కనబడనోళ్లు ముందు కాపురం పెట్టాల మేడం.
ఆ తర్వాతే కనబడేటోళ్లు."

నెలరోజులు పిల్లలు నీళ్లు చూసినారు.
బెళుగుప్ప చంద్రకళ దాంట్లో రబ్బరు బల్లిని వేసింది.
తీయించినాను. మళ్లీ వేసింది.

మంచాలు అరవై రెండు.
పన్నెండేళ్లుగా అక్షరక్రమంలోనే పడుకోబెడుతున్నాను,
వ పక్కన శ, శ పక్కన స.
ఒక రాత్రి, ఆ ఉత్త నీళ్ల చప్పుడు వింటా
రిజిస్టరు తీసి రబ్బరుతో చెరిపినాను.
చంద్రకళనూ ఆమె ముఠానూ ఇన్నాళ్లూ
గదికొకతెగా పంచి కదా సతమతమయ్యింది,
ఎనిమిది మందినీ ఒకే గదిలో వేసినాను.
తలుపు మూస్తే గోల సగమే వినబడుతుంది.
వన్నూరమ్మ చుట్టూ గుమ్మఘట్ట పిల్లలు ఐదుగురు.

కుదిరిందా అంటే చెప్పలేను.
ఇద్దరు ఏడ్చి పాత మంచాలకే పోయినారు.
కోరీల్లో ఒకటి మూడోనాడే తేలింది.
ఫోన్ చేస్తే షేక్షావలి రవ్వంతసేపు మాట్లాడలేదు.
"లెక్క సరిపోయినా కొన్ని అంతే మేడం."

పోయిన ఆదివారం గప్పీ పిల్లల్ని పెట్టింది,
కంటిచుక్కంత.
హాజరుపట్టీ చివరి పేజీలో వన్నూరమ్మ అడ్డగీతలు గీస్తోంది.
నిన్న పదకొండు. ఈ పొద్దు ఏడు.
"తక్కినవి ఎవరు తిన్నారే?" అన్నాను, ఊరికే.
"తల్లే" అంది,
గదంతా వినేట్టు.

నేనేమీ అడగలేదు.
కాసేపటికి తనే,
"ఇంకొంచెం నాచు కావాల మేడం,
దాక్కునేదానికి."