నీళ్లు సమమయ్యేదాకా

డ్రాఖ్తెన్‌లో నవంబరంటే
కిటికీకి అతుక్కున్న వాన.
లోపల బల్ల మీద కన్వర్టరు.
కాలవ పడవల బ్యాటరీలకు అన్నం పెట్టడానికి పుట్టింది,
పుట్టిన రోజు నుంచీ జ్వరమే.

చెయ్యి ఆనించలేని అల్యూమినియం రెక్కలు,
పక్కనే రొప్పుతూ ఒక ఫ్యాను.
"నూటికి నాలుగు పాళ్లు గదిని వెచ్చబెడుతున్నాయి"
అంటుంది యెల్త్యా, కోటు విప్పకుండానే.

తప్పు స్విచ్చుది కాదు, తొందరది.
నాలుగు వందల వోల్టులు నెత్తిన ఉండగానే
ఆన్ అవమంటే అవుతుంది పాపం,
సెకనుకి లక్షసార్లు.
అయిన ప్రతిసారీ
ఒంట్లో దాచుకున్న ఆవేశమంతా
ఒంట్లోనే తగలబడుతుంది.
చార్జికి తెలుగులో ఆవేశమని పేరు పెట్టినాయనెవరో
ఇలాంటి బల్ల ముందు కూర్చునే ఉంటాడు.

ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే డౌవె
రాగితీగ పళ్లమధ్య పట్టుకుని వింటున్నాడు.
ఈ పనికి రాకముందు పదకొండేళ్లు
లెమ్మర్ దగ్గర లాకులు చూశాడు.
"ఒకసారి," అన్నాడు తీగ తీసి,
"ఎవరో జర్మన్ పడవాయన, పెళ్లికి ఆలస్యమవుతోందని
తలుపు తియ్యమని ఒకటే కేకలు.
అటు నీళ్లు ఇటు నీళ్లకన్నా మూరెడు ఎత్తున ఉన్నాయి.
అలాంటప్పుడు నలుగురు తోసినా కదలదది.
చిన్న తూము ఎత్తి, పైపు వెలిగించుకున్నాను.
రెండు వైపులా నీళ్లు ఒకటయ్యాక
తలుపుని తుంటితో తోశాను."

యెల్త్యా నవ్వలేదు.
పెన్సిల్ తీసుకుంది.

ఆ రాత్రి ఒక చిన్న ఇండక్టరు చేర్చింది, తూములాగా.
ఒక స్విచ్చు ఆరి ఇంకొకటి వెలగబోయే మధ్య
నూట అరవై నానోసెకన్ల ఖాళీ.
ఆ ఖాళీలో ఎవరూ ఏమీ చెయ్యరు.
ఇండక్టరులో ఊగుతున్న కరెంటు మాత్రం
ఆవేశాన్ని మెల్లగా తోడి
వచ్చిన దారినే ఇంటికి పంపేస్తుంది.
ఆసిలోస్కోపు మీద పసుపు గీత
గోడ దూకినట్టు కాక, వాలు దిగినట్టు దిగి
సున్నాని తాకింది.
అప్పుడు, అప్పుడే,
నీలం గీత లేచింది.
ఒకదాన్నొకటి ఒరుసుకోలేదు.

రెక్కల మీద అరచెయ్యి ఆనించింది యెల్త్యా.
తియ్యలేదు.

ఇక్కడితో అయిపోతే బావుండేది.
బ్యాటరీ నిండబోయే వేళ, లోడు పలచబడ్డాక
తోడే కరెంటుకి ఓపిక చాలలేదు.
గీత డెబ్బై వోల్టుల దగ్గరే వేలాడింది,
స్విచ్చు మళ్లీ కాలింది.
చేతినిండా పని ఉంటే మెత్తన,
లేకపోతే కరుకు.
"ఆదివారాల్లో నేనూ అంతే" అన్నాడు డౌవె.

మందు ఉంది, ఊరికే రాదు.
పని లేకపోయినా కొంత కరెంటు
లోపల తిరుగుతూనే ఉండాలి.
ఏ పడవకీ చేరని కరెంటు,
కాస్త రాగిని వెచ్చబెట్టి పోయే కరెంటు.
మెత్తదనానికి అద్దె అది.
ఎంత కట్టాలో తేలక డౌవె
కోర్‌లో సందు కోసం మూడు కాగితప్పొరలు పెట్టాడు,
ఒకటి తీశాడు, మళ్లీ సగం పెట్టాడు.

మూడో రాత్రి తెల్లారేసరికి
నూటికి తొంభై ఎనిమిది చిల్లర.
యెల్త్యా ఫ్యాను వైరు పీకేసింది.
గదిలో ఇంత వాన చప్పుడుందని
ఇద్దరికీ అప్పుడే తెలిసింది.
కాసేపు విన్నారు.
చలేసింది.
కోటు గుండీలు పెట్టుకుని
హీటరు ఎక్కడుందో వెతకడానికి లేచింది.