తవుడి ధర

మూడు లక్షల పాతికవేలు.
సోమవారం పొద్దున్న మిల్లు కూతకంటే ముందే
నెల్లిమర్ల అంతటికీ ఆ అంకె తెలిసిపోయింది.
టెక్కలి గ్రానైటు ఓనరు కబడ్డీ జట్టుకి
మన తవుడు సంతకం పెట్టేశాడు.

సంతకమంటే ఏముంది,
'త' రాసి కింద గీత గీస్తాడు,
కూతకెళ్లే ముందు మట్టిలో బొటనవేలితో గీసినట్టు.

సూరప్పడి టీ బడ్డీ దగ్గర
పాలు పొంగి పొయ్యిలో పడ్డా ఎవరూ చూడలేదు.
"డబ్బుకి అమ్ముడైపోనాడ్రా" అన్నాడు గౌరీసు.
ఓటుకి ఐదొందలు తక్కువిచ్చారని
మొన్న రోడ్డుకడ్డంగా కూర్చున్న గౌరీసే.
"ఏడేళ్లు ఆడి తలకి పైసా పుచ్చుకోనేదు నాను"
సెలూను లచ్చుము సిగరెట్టు పెట్టె మీద
కటింగులు లెక్కేయడం మొదలెట్టాడు.
ఏడో క్లాసు గుంటడొకడు
బ్యాగు మీద రాసుకున్న 'తవుడన్న'ని
ఉమ్మితో రుద్దుతున్నాడు.
ఇంకు పోలేదు. నల్లగా పాకింది.

నేనూ తిట్టాను.
ఏం తిట్టానో ఇక్కడ రాయను.

నా పని గీతలు పొయ్యడం.
మిల్లు మూతపడ్డ రోజుల్లో కూడా
ప్రతి ఆదివారం సున్నం డబ్బా పట్టుకుని
గ్రౌండులో తెల్లగా పోసేవాణ్ణి.
వాడు మధ్యగీత దాటాడంటే
మూడొందల మందిమి మాట మానేసేవాళ్లం.
ఏడుగురి మధ్య ఒక్కడు,
నడుం వంచి, చెయ్యి చాచి,
చేపల బుట్టని పిల్లి చూసినట్టు చూసి,
తాకి, తిరిగి,
గీత మీద బోర్లా పడితే
నా సున్నం వాడి ఛాతీకి అంటుకునేది.
పతకం నేనే ఇచ్చినట్టు
ఇంటిదాకా మురుసుకుంటూ పోయేవాణ్ణి.

సాయంత్రం వాళ్లింటికెళ్లాం,
పదకొండు మందిమి, నిలదీయడానికి.
వాడు లేడు.
వాళ్లమ్మ అచ్చియ్యమ్మ గోగునార తాడు పేనుతోంది.
లేవలేదు.

"ఈడికి ముందు ఇద్దరు పోనారు.
ఈడు పుట్టిన మూడోనాడు సేటలో ఎట్టి
ఎదురింటి కన్నమ్మకి
సారెడు తవుడికి అమ్మీసినాను.
అమ్మితే గానీ బతకడన్నారు.
అందుకే గదా ఆ పేరు.
ఆయేల ఒక్కరూ రానేదు బావూ,
ఎందుకమ్మీసినావని అడగడానికి."

మళ్లీ పేనడం మొదలెట్టింది.

గుమ్మం పక్కన మేకుకి
వాడి మోకాలి పట్టీ వేలాడుతోంది.
రెండేళ్ల కిందట బొబ్బిలిలో
ఆ మోకాలు తిరిగిపోయినప్పుడు
స్కానింగుకని జనంలో టోపీ తిప్పాం.
పన్నెండొందల నలభై వచ్చింది.
స్కానింగు ఆరువేలు.
ఆ నలభై తీసి మేం టీలు తాగాం.
టోపీ తిప్పింది నేనే, నాకు తెలుసు.

తిరిగొస్తుంటే రైలు గేటు పడింది.
ఎవరూ మాట్లాడలేదు.
గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాం, యాభై ఎనిమిది.
గేటు లేచాక గౌరీసన్నాడు:
"ఐదడగాల్సింది, ఎర్రెదవ."

ఆదివారం టెక్కలిలో ఆట,
మాకూ వాళ్లకీ.
అక్కడ గీతలు సున్నం కాదు, పసుపు టేపు.
నీలం బనీను వేసుకొచ్చాడు.
వీపు మీద ఓనరు పేరు పెద్దది,
వాడి పేరు చిన్నది.
వాణ్ణి గోల పెట్టడానికని
వ్యానులో వస్తూ కొనుక్కున్న ఈలలు
పెదాల దాకా వచ్చి ఊరుకున్నాయి.

మా వైపు కూతకొచ్చాడు.
అదే నడుం, అదే చెయ్యి, అదే పిల్లి చూపు.
మా కార్నరు పైడయ్య
చీలమండ దొరకబుచ్చుకున్నాడు.
ఇంకో ఇద్దరు మీద పడ్డారు.
తవుడు మట్టిలో పాకుతూ
గీతకేసి చెయ్యి చాచాడు.
జానెడు దూరం.

పక్కన గౌరీసు "పట్టు పట్టు" అని అరుస్తున్నాడు.
నేనూ అరిచే ఉంటాను.
కానీ కూర్చున్న చోటే,
ఒళ్లో,
నా కుడిచెయ్యి
గీతని వాడికేసి జరుపుతోంది.